కీమో రోజుల్లో కండ నిలబడాలంటే: భోజనమా, పౌడరా, బాటిలా?

క్యాన్సర్ అని తేలి, మొదటి కీమో తేదీ ఖరారయ్యాక ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నల్లో "ఏ ప్రోటీన్ పౌడర్ మంచిది?" అన్నది తప్పకుండా ఉంటుంది. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే డబ్బా పేరు తెలుసుకునే ముందు తేల్చుకోవలసింది ఇంకోటి ఉంది: ఈ మనిషి ఇవాళ ఎంత తినగలుగుతున్నారు? దాన్నిబట్టే ఏది మేలో మారిపోతుంది. ఒకే మనిషికి ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి మేలు కావచ్చు.

ముందు కండ సంగతి. బరువు తగ్గితే అందరికీ తెలుస్తుంది, కండ తగ్గితే చాలాసార్లు తెలియదు. లావుగా ఉన్నవాళ్లలో కొవ్వు అలాగే ఉండి లోపల కండ కరిగిపోతుంటుంది. "మనిషి బాగానే ఉన్నారు కదా" అని చుట్టూ ఉన్నవాళ్లు ధీమాగా ఉంటారు. కణితి కోసం తీసిన సీటీ స్కాన్‌లోనే, నడుము మూడో వెన్నుపూస దగ్గర కండ విస్తీర్ణం కొలిస్తే ఈ లోటు బయటపడుతుంది. దీన్ని పట్టించుకోవడానికి బలమైన కారణం ఉంది. చాలా కీమో మందుల మోతాదు ఎత్తు, బరువుల నుంచి కట్టిన లెక్కతో ఇస్తారు. ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్న ఇద్దరికి ఎక్కే మందు ఒకటే, వాళ్లలో కండ ఎంతన్నది ఆ లెక్కలో ఉండదు. కండ తక్కువున్నవాళ్లకు దుష్ప్రభావాలు ఎక్కువ రావడం, దాంతో మోతాదు తగ్గించడమో కీమో వాయిదా వేయడమో జరగడం అధ్యయనాల్లో మళ్లీమళ్లీ కనిపించింది.

మరి రోజుకు ఎంత ప్రోటీన్ కావాలి? ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.8 గ్రాములు చాలన్నది మామూలు లెక్క. క్యాన్సర్ ఉన్నవాళ్లకు కిలోకు 1 గ్రాము దాటాలని, వీలైతే 1.5 గ్రాముల దాకా వెళ్లాలని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం ఎస్పెన్ మార్గదర్శకాలు చెబుతాయి. కణితి కారణంగా ఒంట్లో పెరిగే ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట లాంటి స్పందన) కండను కరిగించే పనికి ఊపునిస్తుంది, కట్టే పనిని మందగింపజేస్తుంది. ఆ లోటు పూడ్చాలంటే మామూలు కంటే ఎక్కువ పడాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 90 గ్రాములన్నమాట. లెక్క తేలికగా ఉండటానికి 72 అనుకుందాం.

భోజనం: నెగ్గే రోజులు, ఓడే రోజులు

రెండు గుడ్లు అంటే సుమారు 12 గ్రాములు. ఒక గ్లాసు పాలు 8. ఒక కప్పు పెరుగు 5. వండిన చేప గానీ చికెన్ గానీ 100 గ్రాములుంటే 20 పైనే. చిక్కగా వండిన పప్పు ఒక గిన్నెడు 12 దాకా. గుప్పెడు వేరుశెనగలు 7. ధాన్యం నుంచి వచ్చేది ఇంకో 8, 10. కలిపి చూడండి, 72 దాటింది. అంటే తినగలిగే మనిషికి పౌడర్ అవసరం లేదు. భోజనంతో ప్రోటీన్ ఒక్కటే రాదు, కేలరీలు, కొవ్వు, ఖనిజాలు, నలుగురితో కూర్చుని తినే ఆ పది నిమిషాలు కూడా వస్తాయి.

ఇప్పుడు అదే మనిషి కీమో ఎక్కాక వచ్చే ఒక చెడ్డ రోజున ఎలా ఉంటారో చూద్దాం. నోటిపూత వల్ల గరుకుగా ఉన్నది ఏదీ మింగుడుపడదు. మాంసం నోట్లో పెట్టుకుంటే ఇనుము నాకినట్టు ఉందంటారు. కూర వాసనకే వికారం. పొద్దున అర గుడ్డు, మధ్యాహ్నం రెండు ముద్దలు, రాత్రి పలచటి సూప్. ఇంట్లోవాళ్లకు ఆ సూప్ తాగించామన్న తృప్తి ఉంటుంది గానీ, వడకట్టిన సూప్‌లో ఉండేది చాలావరకు నీళ్లు, ఉప్పు. ఆ రోజు మొత్తానికి 15 గ్రాములు దాటడం కష్టం. ఇలాంటి రోజున "ఇంటి తిండిని మించింది లేదు" అని పట్టుబడితే నష్టపోయేది కండే.

పౌడర్, బాటిల్: పేరు వేరు, పనీ వేరే

ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. కడితే చిక్కే. వే ప్రోటీన్ (పాలు విరిచినప్పుడు మిగిలే నీటి నుంచి తీసిన ప్రోటీన్) పౌడర్ ఒక స్కూపులో 20 నుంచి 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, కేలరీలు 120 దాకా మాత్రమే. ఆసుపత్రుల్లో రాసిచ్చే న్యూట్రిషన్ డ్రింక్ 200 మిల్లీలీటర్ల బాటిల్‌లో, గాఢంగా చేసిన రకమైతే, సుమారు 300 కేలరీలు, 12 నుంచి 20 గ్రాముల ప్రోటీన్, విటమిన్లు, ఖనిజాలు ఉంటాయి. పౌడర్ ఒక్క లోటునే తీరుస్తుంది, బాటిల్ చిన్న భోజనం లాంటిది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, కేలరీలు చాలకపోతే శరీరం వచ్చిన ప్రోటీన్‌నే కాల్చుకుని శక్తి తీసుకుంటుంది. రోజుకు కిలోకు 25 నుంచి 30 కేలరీలు కావాలన్నది లెక్క, 60 కిలోల మనిషికి 1500 నుంచి 1800. అందులో సగం కూడా తినని మనిషికి నీళ్లలో కలిపిన వే ఇవ్వడం వల్ల మీరు అనుకున్నంత కండ నిలవదు. కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది: భోజనం ఓ మాదిరిగా సాగుతూ మాంసం, పప్పు మాత్రమే సహించనివాళ్లకు పౌడర్. మొత్తం తిండే సగానికి పడిపోయినవాళ్లకు బాటిల్. ఐదారు రోజులుగా దాదాపు ఏమీ తిననివాళ్లకు ఇంట్లో సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు. అన్ని రోజుల పస్తు తర్వాత ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అది డాక్టరు చేతిలో మెల్లగా జరగాల్సిన పని.

ఈ మూడింటి నడుమ ఎవరూ పెద్దగా పట్టించుకోని దారి ఒకటుంది, నా ఓటు ముందు దానికే. తినగలిగిన ఆ కాస్త తిండినే చిక్కబరచడం. గ్లాసు పాలలో 25 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపితే గ్లాసు అంతే ఉంటుంది, ప్రోటీన్ 8 నుంచి 17కు వెళుతుంది. వడకట్టిన సూప్ బదులు పప్పు మెత్తగా రుబ్బి కలిపిన సూప్. మామూలు పెరుగు బదులు నీరు వడకట్టిన పెరుగు. రెండు గుక్కలే తాగగలిగే మనిషికి ఆ రెండు గుక్కల్లోనే సరుకు ఎక్కువ ఉండాలి. పౌడర్‌ను కూడా ఇలాగే వాడుకోవచ్చు. పొయ్యి మీద మరుగుతున్నదాంట్లో వేస్తే వే ఉండలు కడుతుంది, దించి చల్లారాక కలపండి. చల్లగా ఇస్తే వాసన తక్కువ తెలుస్తుంది. మూత ఉన్న గ్లాసులో పోసి పక్కన పెట్టి, గంటసేపు కొద్దికొద్దిగా చప్పరించమంటే వాంతి లేకుండా లోపలికి వెళ్లే అవకాశం ఎక్కువ.

చికిత్స సమయంలో కొందరికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొన్నాళ్లపాటు పడదు. పాలు తాగగానే కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతుంటే వే కాన్సంట్రేట్ అనే మామూలు రకం బదులు, లాక్టోజ్ చాలావరకు తీసేసిన ఐసోలేట్ గానీ, సోయా గానీ, లాక్టోజ్ లేని బాటిల్ గానీ ఎంచుకోవాలి. వ్యాయామం చేసేవాళ్ల కోసం అమ్మే డబ్బాల వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. కెఫీన్, మూలికల సారాలు, భారీ మోతాదు విటమిన్లు ఉంటే ఆంకాలజిస్ట్‌కు (క్యాన్సర్ డాక్టరుకు) చూపించకుండా తెరవొద్దు. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఇక్కడ చెప్పిన మోతాదులతో భయం లేదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం పరిమితి ఎంతన్నది డాక్టరే చెప్పాలి.

"ప్రోటీన్ ఇస్తే క్యాన్సర్ పెరుగుతుందట కదా" అన్న టెన్షన్ చాలా ఇళ్లలో ఉంటుంది. మంచి పోషణ వల్ల మనుషుల్లో కణితి వేగంగా పెరిగిందని నమ్మదగ్గ ఆధారం లేదు. తిండి తగ్గిస్తే శరీరం కండను కరిగించి, ప్రోటీన్ తయారయ్యే ముక్కలైన అమినో ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంది, కణితికి అవీ అందుతాయి. పస్తు పెట్టి ఎండగట్టేది మనిషినే.

మాంసాహారమా, శాకాహారమా అన్న వాదన మీద ఎక్కువసేపు ఆగను. కండ కట్టే పనిని మొదలుపెట్టే ల్యూసిన్ అనే అమినో ఆమ్లం పాలు, గుడ్లు, మాంసంలో గ్రాముకు గ్రాము కాస్త ఎక్కువ. శాకాహారులు పప్పు, సోయా, పాలు కలిపి తింటూ మోతాదు కొంచెం పెంచుకుంటే సరిపోతుంది. నోటికి హితవుగా ఉన్నదే గెలుస్తుంది. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో మాత్రం పచ్చి గుడ్డు, కాచని పాలు, పచ్చి మొలకలు ఎవరికైనా వద్దు.

ఒక్క పూటలో ఎక్కువా, రోజంతా కొద్దికొద్దిగానా? వయసు పైబడినవాళ్ల కండకు ఒకేసారి 25 నుంచి 30 గ్రాములు పడితే బాగా స్పందిస్తుంది, కాబట్టి తినగలిగితే మూడు పూటలా అలా పంచుకోవడం మేలు. చాలామందికి పొద్దున ఆకలి కాస్త బాగుంటుంది, ఆ పూటను టీ, బిస్కెట్లతో సరిపెట్టకండి. తినలేకపోతే ఈ పూటల లెక్క వదిలేసి రోజు మొత్తం చూసుకోండి.

ప్రోటీన్ ఒక్కటేనా, కదలికా కావాలా?

అసలు పోటీ ఇక్కడుందని నా అభిప్రాయం, డబ్బాకూ డబ్బాకూ మధ్య కాదు. ఆకలి, బరువు పెంచే అనమోరెలిన్ అనే మందుకు జపాన్‌లో 2021లో అనుమతి వచ్చింది. అంతకుముందు దాని మీద జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒంట్లో కండ కొలత పెరిగింది, పిడికిలి పట్టు మాత్రం పెరగలేదు. కండ ఉండటం, కండకు బలం ఉండటం రెండూ ఒకటి కావని దీంతో తెలుస్తోంది. మంచం మీదే ఉన్న కాలికి ఎంత వే పోసినా "వాడుతున్నారు, నిలబెట్టాలి" అన్న కబురు అందదు.

జిమ్ అక్కర్లేదు. చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి పెట్టండి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని లేచి నిలబడటం, నెమ్మదిగా కూర్చోవడం. ధబీమని కూలబడకుండా మెల్లగా దిగడంలోనే తొడలకు సగం పని ఉంది. మొదట్లో ఐదుసార్లు చాలు, పక్కన ఒకరు ఉండాలి. సాగే రబ్బరు పట్టీతో చేతులకు కూడా ఇలాంటి పనే పెట్టొచ్చు. వారానికి కనీసం రెండుసార్లు కండకు బరువు పెట్టే వ్యాయామం క్యాన్సర్ ఉన్నవాళ్లకు కూడా మంచిదని నిపుణులు చెబుతున్నారు. ఎముకలకు క్యాన్సర్ పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్సలో ఉన్నవాళ్లకు మందే కండను తీసేస్తుంటుంది, వాళ్లకు ఈ కుర్చీ పని మరీ అవసరం.

జబ్బు బాగా ముదిరి, చికిత్సలు పనిచేయని చివరి దశలో ఈ లెక్కలేవీ నిలవవు. అప్పుడు గ్రాములు లెక్కపెట్టి బలవంతంగా తినిపించడం కంటే అడిగిందీ ఇష్టమైందీ ఇవ్వడం మేలు. ఆ దశ వచ్చిందా లేదా అన్నది ఇంట్లో ఊహించుకోకండి, డాక్టర్ని సూటిగా అడగండి.

ఇక ఎంచుకున్నది పనిచేస్తోందా అని చూడటానికి తూకం మిషనా, కుర్చీనా? రెండూ కావాలి. ఆరు నెలల్లో ప్రయత్నించకుండానే 5 శాతం బరువు, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు, తగ్గితే ఆగకుండా డైటీషియన్‌ను కలవాలి. అయితే కాళ్లలోనో పొట్టలోనో నీరు చేరితే తూకం అబద్ధం చెబుతుంది. అందుకే వారానికోసారి తూకంతో పాటు, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసి పెట్టండి. 15 సెకన్లు దాటితే కండబలం తగ్గినట్టే లెక్క. బరువు అంతే ఉండి సెకన్లు వారం వారం పెరుగుతుంటే, ఆ కాగితం తర్వాతి కీమో దాకా దాచిపెట్టకుండా ముందే ఫోన్ చేసి చెప్పండి.