శాంటా పౌలాలో తోకచక్రం విమానంతో అయిదు రోజులు

ముక్కు కింద చక్రం ఉండే సెస్నా 172 మీద ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకుని మూడేళ్లయినా, తోక కింద చిన్న చక్రం ఉండే విమానాన్ని నడపాలన్న కోరిక నాలో అలాగే ఉండిపోయింది. మా నాన్నగారు యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఫ్లయింగ్ క్లబ్బు గేటు బయట నిలబడి, అలాంటి తోకచక్రమే ఉన్న పుష్పక్ విమానాలు ఎగరడం చూసేవారట. ఆ కబుర్లు వింటూ పెరిగాను. 1958లో తొలిసారి ఎగిరిన పుష్పక్‌ను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వారు అమెరికాలోని ఏరోంకా సంస్థ తయారుచేసిన చీఫ్ విమానం నమూనాలో నిర్మించారు. నేను నేర్చుకున్న తోకచక్రం విమానం సిటాబ్రియా కూడా అదే సంస్థ రూపొందించిన చాంపియన్ విమానానికి వారసురాలు. ఒకదానిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, రెండోదానిలో ఒకరి వెనక ఒకరు. అంటే ఈ రెండూ పెద్దతల్లి, చిన్నతల్లి బిడ్డల్లాంటివి.

అమెరికాలో ఈ శిక్షణకు ఇన్ని గంటలని నియమం ఏమీ లేదు. మామూలు గాలిలోనూ పక్కగాలిలోనూ ఎగరడం, దిగడం, తోక పైకుండగానే ముందు రెండు చక్రాల మీద దిగే పద్ధతి, దిగబోయి మళ్లీ పైకి లేవడం వచ్చాయని ఇన్‌స్ట్రక్టర్‌కు నమ్మకం కుదిరితే లాగ్‌బుక్కులో ఎండార్స్‌మెంట్, అంటే ఈ రకం విమానం నడపవచ్చన్న అనుమతి, రాస్తారు. గంటల లెక్క లేదు కనుక ఎక్కడ నేర్చుకుంటామన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఈ సంగతి నాకు మొదటిసారి డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. మా ఇంటికి దగ్గరలో, కంట్రోల్ టవరున్న రద్దీ విమానాశ్రయంలో ఒక శిక్షణ సంస్థలో చేరాను. ఇంజను తిరిగినంతసేపూ మీటరు లెక్క పెరుగుతూనే ఉంటుంది. పెద్ద విమానాల వెనక వరుసలో నిలబడిన సమయానికీ నేనే చెల్లించాను. గంటసేపట్లో నాలుగుసార్లు దిగితే గొప్ప. పైగా ఎండార్స్‌మెంట్ వచ్చాక కూడా బీమా షరతుల వల్ల ఒంటరిగా విమానం అద్దెకివ్వరని మూడో పాఠం తరువాత చెప్పారు. నేర్పించి, నడపనివ్వకపోతే ఆ విద్య ఎందుకు? చేరే ముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి.

రెండోసారి నేను ఎంచుకున్న శాంటా పౌలా, లాస్ ఏంజెలిస్‌కు వాయవ్యంగా, నిమ్మ, అవకాడో తోటల మధ్య శాంటా క్లారా నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. 1928లో సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట తెగి ఈ లోయను వరద ముంచెత్తింది. ఆ తరువాత నది పక్కన ఊరివారు పూనుకుని కట్టుకున్న విమానాశ్రయం 1930లో ప్రారంభమైంది. నేటికీ అది ప్రైవేటు యాజమాన్యంలోనే ఉన్నా, అందరికీ తెరిచే ఉంటుంది. టవరు లేదు; ఎవరు ఎక్కడున్నారో పైలట్లే రేడియోలో చెప్పుకుంటారు. రన్‌వే సుమారు 2,700 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. నటుడు స్టీవ్ మెక్వీన్ 1979లో పసుపుపచ్చ స్టియర్‌మన్ అనే పాతకాలపు రెండంతస్తుల రెక్కల విమానం కొని ఎగరడం నేర్చుకున్నది ఇక్కడే. నెలలో మొదటి ఆదివారం హ్యాంగర్లు (విమానాల షెడ్లు) తెరిచి పాత విమానాలను చూపిస్తారు. ఆ రోజు కలిసివచ్చేలా ప్రయాణం పెట్టుకోవడం మంచిది.

బస విషయంలో మాత్రం పొరపాటు చేశాను. సముద్రం కనిపిస్తుందన్న ఆశతో మొదటి రాత్రి వెంచురాలో, తీరం పక్కనున్న హోటల్లో దిగాను. గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదగా ఉన్నారు, కానీ మే నెలలో ఆ తీరాన్ని ఉదయం నుంచి మబ్బు కమ్మేస్తుంది. కిటికీలోంచి చూసి ఈ రోజు పాఠం ఉండదనుకున్నాను. పదిహేను మైళ్లు లోపలికి ఉన్న శాంటా పౌలాలో పదింటికే ఎండ కాస్తోందని ఫోను వచ్చేసరికి నా సమయంలో సగం గడిచిపోయింది. మబ్బు విడిపోయాక, సముద్రపు గాలి ఊపందుకోకముందు ఉండే ఆ రెండు మూడు గంటలే కొత్తవారికి బంగారం లాంటి వేళ. మర్నాడే ఊళ్లో పాత సత్రం లాంటి బసకు మారాను. గోడలు పలచన, వేడినీళ్లు ఆలస్యం, అయినా అక్కడినుంచి హ్యాంగరుకు నడిచి వెళ్లవచ్చు. ఆకాశం చూసి పది నిమిషాల్లో విమానం దగ్గర ఉండేవాణ్ని. శాకాహారులకు బీన్సు, అన్నం, టోర్టిల్లా ఏ మెక్సికన్ హోటల్లోనైనా దొరుకుతాయి. పంది కొవ్వుతో వండారేమో ఒకసారి అడగాలి.

పాఠం నేల మీదే మొదలైంది. ఇన్‌స్ట్రక్టర్ రెక్కకు తొడుగుగా బిగించిన గుడ్డను వేలితో తట్టమన్నారు. కాచిన డప్పులా ఖణేల్‌మంది. శబ్దం ఎక్కడైనా మందగిస్తే అక్కడ ఆగి చూడాలని చెప్పారు. తరువాత తోక దగ్గర కూర్చోబెట్టి, ప్రధాన చక్రాలు బరువు కేంద్రానికి ముందుంటాయి కనుక, తోక ఒక పక్కకు జరిగితే బరువు దాన్ని ఇంకా అటే తోస్తుందని చూపించారు. ముక్కుచక్రం విమానం తనంతట తానే తిన్నగా సర్దుకుంటుంది. ఇది మాత్రం సందు దొరికితే గిర్రున తిరుగుతుంది. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు, రెక్క నేలకు తగిలేది అప్పుడే. ఎగిరేటప్పుడు తోక పైకి లేవగానే, తిరిగే ప్రొపెల్లర్ స్వభావం వల్ల ముక్కు ఎడమకు లాగుతుంది. దాన్ని తిన్నగా ఉంచే పెడలు తొక్కడానికి కుడికాలు అంతకుముందే సిద్ధంగా ఉండాలి.

రెండో రోజు మధ్యాహ్నం గాలి రన్‌వేకు కుడివైపు నుంచి ఏటవాలుగా వీస్తోంది. మూడు చక్రాలూ ఒకేసారి తాకేలా దిగి, హమ్మయ్య అనుకుని, చేతిలోని స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) వదులు చేశాను. విమానం ఎగిరిపడి మళ్లీ తాకింది, తోక ఎడమకు జారింది, ముక్కు గాలివైపు తిరిగింది, రన్‌వే అంచు గడ్డి నా కళ్లముందుకు వచ్చేసింది. వెనకనుంచి ఎడమ పెడలు గట్టిగా లోపలికి వెళ్లడం నా అరికాలికి తెలిసింది. విమానం పూర్తిగా ఆగాక, వెనక సీటులోని ఇన్‌స్ట్రక్టర్ మెల్లగా, “తాళ్లతో కట్టేసేదాకా మీరు దీన్ని నడుపుతూనే ఉన్నారు” అన్నారు. ఆ మాట తరువాత స్టిక్‌ను పొట్టకు ఆనించే పట్టుకున్నాను, కాళ్లను నిద్రపోనివ్వలేదు. ఇక్కడ గంటకు ఎనిమిది, తొమ్మిదిసార్లు దిగగలిగాను. ఆ తప్పు చేసిన పావుగంటలోనే మూడుసార్లు దాన్ని సరిదిద్దుకునే వీలు దొరికింది. రద్దీ విమానాశ్రయంలో అయితే ఆ భయం మరుసటి వారం దాకా మనసులో మగ్గేది.

నాలుగో రోజు కమరిల్లోకు వెళ్లి ముందు చక్రాల మీద దిగడం సాధన చేశాం. అక్కడి రన్‌వే 6,000 అడుగులు, నూటయాభై అడుగుల వెడల్పు, టవరూ ఉంది. ఆ పద్ధతికి పొడవైన చోటు తోడవుతుంది. అయితే మొదటి పాఠానికే అక్కడికి వెళ్లి ఉంటే, అంత వెడల్పు నా తప్పులను కప్పేసేదని నాకనిపించింది. ఇరుకు రన్‌వే మధ్యగీత నుంచి రెండడుగులు జరిగినా చెప్పేస్తుంది.

అయిదో రోజు ఎండార్స్‌మెంట్ వచ్చింది. తిరుగు ప్రయాణంలో కాలబాసస్‌లోని వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్లి, పులిహోర కడుపునిండా తిని ఇంటికి చేరాను. ప్రయాణికుడిని ఎక్కించుకోవాలంటే అంతకుముందు తొంభై రోజుల్లో ఈ రకం విమానంలోనే మూడుసార్లు ఎగిరి, దిగి, పూర్తిగా ఆపి ఉండాలి. ఆగస్టు మొదటి వారంలో ఆ మూడింటి కోసం, సెప్టెంబరులో నాన్నగారి కోసం అదే బసలో గది అడిగి పెట్టుకున్నాను. సిటాబ్రియాలో పైలట్ ముందు కూర్చుంటాడు; వెనక సీటుకు రెండు పక్కలా కిటికీలున్నాయి.