రెండు షూలకు రెండు సెన్సర్లు: కుడి ఎడమల లెక్క ఎంతవరకు నమ్మొచ్చు

షూ లేసులకు బిగించే చిన్న సెన్సర్‌ని, అంటే ఫుట్‌పాడ్‌ని, ఒకటి కాకుండా జతగా కొనడానికి ఒకటే కారణం. కుడి పాదం నేల మీద ఎంతసేపు ఆగుతోంది, ఎడమ పాదం ఎంతసేపు ఆగుతోంది అనేది అది విడివిడిగా చెప్తుంది. దూరం, వేగం, అడుగుల లెక్క ఇప్పుడు మామూలు స్మార్ట్‌వాచీ కూడా ఇస్తుంది. బ్యాటరీ, యాప్, తడి తట్టుకునే సంగతులు డబ్బా మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. చాలాకాలం వాడాక ఈ ఒక్క ఫీచర్ మీదే నాకు ఇష్టమూ ఉంది, కోపమూ ఉంది.

ముందు ఇష్టం సంగతి. మనలాంటి మామూలు రన్నర్ల పాదం నేలను తాకి లేవడానికి సుమారు 200 నుంచి 300 మిల్లీసెకన్లు పడుతుంది. పక్కన ఉరికే దోస్తుకు ఇందులో తేడా కనపడదు. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీస్తే నాలుగైదు అడుగులు దొరుకుతాయి, అంతే. ఛాతీకి కట్టుకునే పట్టీ అయితే మొండెం ఊగే తీరును బట్టి కుడి ఎడమలను అంచనా వేస్తుంది. రెండు పాడ్‌లు మాత్రం ఏ పాదానికి ఆ పాదాన్నే కొలుస్తాయి, గంటసేపు ఉరికినా ఒక్క అడుగు కూడా వదలవు. ఎనిమిదో కిలోమీటరు దాటి అలసట మొదలయ్యాక ఏ కాలు ముందు బరువెక్కుతోందో గ్రాఫులో కనిపిస్తుంది. కొత్తలో ఇది చూసి మస్తు సంబరపడ్డాను.

యాప్ ఈ తేడాను శాతాల్లో చూపిస్తుంది. 51–49 అని ఎర్ర రంగులో వస్తే చాలామంది కంగారు పడతారు. ఒక్కో పాదం సగటున 250 మిల్లీసెకన్లు ఆగుతుందనుకుంటే 51–49 అంటే 255, 245. తేడా 10 మిల్లీసెకన్లు. సెకనుకు 100 సార్లు కొలిచే సెన్సర్‌కి ఒక కొలతకూ ఇంకో కొలతకూ మధ్య ఉండే వ్యవధే అంత. వేల అడుగుల సగటు తీస్తారు కాబట్టి అది కొంత కుదురుకుంటుంది. కానీ ఒక్క రోజు పరుగు చూసి 51–49 మీద తీర్పు చెప్పకూడదు.

ఇక కోపం. మా నల్గొండ దగ్గర పానగల్ ఉదయసముద్రం చెరువు కట్ట మీద, కిలోమీటరుకు 5 నిమిషాల 40 సెకన్ల వేగంలో, రెండు పాదాలూ ఎప్పుడూ 250 అటూఇటుగానే ఉండేవి. ఒక ఎండాకాలం ఉన్నట్టుండి ఎడమ 251, కుడి 272 చూపించడం మొదలైంది, అంటే 48–52. నొప్పి లేదు, వాపు లేదు, షూ మారలేదు. యాప్ మాత్రం కుడి పిరుదు కండరం బలహీనంగా ఉందని చెప్పి వ్యాయామాల జాబితా పెట్టింది. కంపెనీ వాళ్లకు రాస్తే యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు, తర్వాత కాలిబ్రేషన్ (కొలత సరిచూసుకోవడం) చేయమన్నారు, చివరికి మీ పరుగు తీరులోనే మార్పు వచ్చి ఉంటుందని తేల్చేశారు.

ఇలాంటప్పుడు కాలిని అనుమానించే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఖర్చేమీ ఉండదు. ముందు పాడ్‌లను క్లిప్పులతో సహా ఒక షూ నుంచి ఇంకో షూకి మార్చాలి. యాప్‌లో పేర్లు మార్చొద్దు, ‘కుడి’ అనే పాడ్ ఇప్పుడు ఎడమ షూ మీద ఉందని గుర్తుంచుకుంటే చాలు. అదే దారి, అదే వేగం, అవే షూలు, పది నిమిషాలు ఒళ్లు వేడెక్కాక ఒక కిలోమీటరు. ఎక్కువ అంకె పేరుతో పాటే వెళ్లిందా, లోపం పరికరానిది. పాదంతోనే ఉండిపోయిందా, అప్పుడు ఒంటి సంగతి చూడాలి. నా దగ్గర ‘కుడి’ అనేది ఎడమ కాలి మీద కూడా 270 చూపించింది. రెండో మెట్టులో క్లిప్పులను ఏ షూవి ఆ షూకే ఉంచి, లోపలి పాడ్‌లను మాత్రమే మార్చాలి. ఈసారి ‘ఎడమ’ లెక్క పెరిగింది. అంటే సెన్సర్ మంచిదే, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులోనే లోపం.

క్లిప్పును వెలుతురులో వంచి చూస్తే కీలు పక్కన వెంట్రుకంత చీలిక. వేలితో చూస్తే తెలియదు, గోరు పెట్టి నొక్కితే తెరుచుకుంటుంది. కీలు సందులో ఎర్ర మొరం దుమ్ము గట్టిపడి ఉంది. షూ చేత్తో పట్టుకుని బొటనవేలితో పాడ్‌ని తోస్తే ‘టిక్’మని కదులుతోంది. సెన్సర్ పాదం నేలను తాకినప్పటి కుదుపును పట్టుకుంటుంది, తర్వాత వేళ్లు నేలను వదిలేటప్పటి తిరుగుడును పట్టుకుంటుంది, ఈ రెంటి మధ్య సమయమే లెక్క. పాడ్ వదులుగా ఉంటే ఆ తర్వాత కూడా అది ఊగుతూనే ఉంటుంది. అందుకే పాదం లేచిన క్షణం ఆలస్యంగా నమోదై అంకె పెరుగుతుంది.

క్లిప్పు విడిగా అమ్మరట, జత మొత్తం కొనాలట. ఇన్‌స్టంట్ గ్లూ పనికిరాదు, అక్కడ ప్లాస్టిక్ వంగాలి, గ్లూ వంగదు. నిలబడింది పాత సైకిల్ ట్యూబు. దాన్ని సెంటీమీటరు వెడల్పు ఉంగరంలా కోసి, పాడ్ మీదుగా లేసుల కిందికి రెండు చుట్లు వేయాలి. వేశాక ఎడమ 250, కుడి 252. ఇంకో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. రెండు షూలలోనూ పాడ్ ఒకే ఎత్తులో ఉండాలి, అదీ ఒక్క లేసు మీద కాకుండా రెండు అడ్డ లేసుల మీద కూర్చోవాలి. షూలు ఎండలో ఆరబెట్టేటప్పుడు పాడ్ తీసేయాలి, మన ఎండలకు ఆ సన్న ప్లాస్టిక్ పెళుసు బారుతుంది.

పరికరం బాగున్నా రోడ్డు ఊరుకోదు. నీళ్లు నిలవకుండా తారు రోడ్డుకు మధ్య నుంచి అంచులకు 2 నుంచి 2.5 శాతం వాలు పెడతారు. దేవరకొండ రోడ్డు మీద బండ్లకు ఎదురుగా కుడి అంచున ఉరికితే కుడి పాదం పల్లంలో పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఎదురుగానే ఉరుకుతాం, మళ్లీ కుడి పాదమే పల్లంలో. రానూపోనూ ఒకే కాలికి ఒకే వాలు కాబట్టి తేడా కాలిదో రోడ్డుదో ఎప్పటికీ తేలదు. తేల్చాలంటే బండ్లు తిరగని చోట ఒకే అంచున వెళ్లి అదే అంచున రావాలి. తేడా తలకిందులైతే అది రోడ్డుది. ఎన్జీ కాలేజీ గ్రౌండ్ లాంటి చోట అందరూ ఎడమకే తిరుగుతారు, అక్కడ కొన్ని రౌండ్లు ఎదురు తిరిగి చూడాలి. పొద్దుగాల వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు విసుక్కుంటే విసుక్కోనీ.

ఇవన్నీ తీసేశాక నా లెక్కలో మిగిలిన తేడా రెండు మూడు మిల్లీసెకన్లు. మొదట్లో అంత సంబరపడ్డ ఫీచర్ ఆరోగ్యంగా ఉన్న కాళ్లకు చెప్పేది దాదాపు ఏమీ లేదన్నమాట. పరుగు తీరు నిజంగా మార్చింది నిమిషానికి వేసే అడుగుల లెక్క, దానికి జత అక్కరలేదు. 2011లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించినట్టు, అదే వేగంలో అడుగులు 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలు, తుంటి మీద పడే భారం తగ్గుతుంది. నిమిషానికి 162 ఉన్నవాళ్లకు 5 శాతం అంటే 170. ఫోన్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ యాప్‌ని నిమిషానికి 85కి పెట్టి ఒక్క పాదాన్నే తాళానికి కలిపితే తేలిక. మొదట్లో పరుగు మధ్యలో రెండేసి నిమిషాలు చాలు. పాదం ఒంటికి మరీ ముందు పడటం తగ్గి, నేల మీద ఆగే సమయం దానంతటదే దిగుతుంది. అంకె దించుదామని మునివేళ్ల మీద గెంతితే పిక్కలు పట్టేస్తాయి, మడమ వెనక స్నాయువులో నొప్పి పుడుతుంది.

తెలంగాణ కానిస్టేబుల్ ఈవెంట్లకు తయారయ్యే పిల్లలు ఈ జత గురించి అడుగుతుంటారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే ఒక్కో 400 మీటర్లు 108.75 సెకన్లు. దానికి స్టాప్‌వాచీ, మెట్రోనోమ్ చాలు. చీలమండ బెణికి మళ్లీ పరుగు మొదలుపెట్టేవాళ్లకు, అదీ బెణకక ముందటి లెక్కలు దాచుకున్నవాళ్లకు, జత పనికొస్తుంది. నాకు దగ్గర్లో చదునైన కట్ట ఉంది, ఎప్పుడూ ఒకే దారి, అంకెలు రాసుకునే అలవాటూ ఉంది కాబట్టి నేను అమ్మేయలేదు. రోజుకో రోడ్డు మీద ఉరికేవాళ్లయితే ఒక్క పాడ్‌తో ఆగొచ్చు. ఏది కొన్నా, డబ్బు కట్టే ముందు దుకాణంలో క్లిప్పు విడిగా దొరుకుతుందా అని అడగండి.