చలికి మాడిన మందారానికి ఈ కత్తెర పనికొచ్చిందా?

వరసగా నాలుగు రాత్రులు గడ్డకట్టే చలి పడేసరికి మా మందారం ఆకులన్నీ నల్లబడి వేలాడిపోయాయి. చూడలేక అప్పటికప్పుడు ప్రూనింగ్ కత్తెర ఆర్డర్ పెట్టేశాను, బైపాస్ రకం, అంటే బ్లేడ్లు ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతూ కోసేది. వచ్చాక మాత్రం నెల పైనే డబ్బాలోంచి తీయలేదు.

దాంతో వచ్చిన కాగితంలో మాడిన కొమ్మలు వెంటనే తీసేయమని రాశారు, అది నమ్మకండి. చలి పోకముందే కోస్తే లేత చిగుళ్లు వస్తాయి, మళ్లీ మంచు పడితే ముందు పోయేవి అవే. మాడిన ఆకులు ఎంత దరిద్రంగా కనబడినా కింది కొమ్మలకు కాస్త కప్పులా ఉంటాయి. ఆ కాగితానికే ఒక స్టార్ కోసేశాను.

చలి పూర్తిగా తగ్గి, కింది కణుపుల్లో చిగురు కనబడ్డాక పని మొదలుపెట్టాను. కొమ్మ చివరి నుంచి కిందికి వస్తూ గోరుతో బెరడు కొంచెం గీకి చూడటమే, లోపల పచ్చగా తడిగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. పచ్చదనం మొదలైన చోట, బయటివైపు తిరిగిన మొగ్గకు అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోశాను. ఇక్కడ కత్తెర అదరగొట్టింది, వేలి లావు పచ్చి కొమ్మ కూడా ఒక్క నొక్కుకే తెగింది, బెరడు ఎక్కడా చీలలేదు.

ఎండు కొమ్మల దగ్గరే తేలిపోయింది. గట్టిగా నొక్కితే బ్లేడ్లు పక్కకి విచ్చుకుని కొమ్మ మధ్యలో ఇరుక్కుంది. తప్పు కొంత నాదే లెండి, ఎండు కట్టెకి ఆన్విల్ రకం మేలు, బ్లేడు చదునైన పట్టీ మీదకి దిగుతుంది కాబట్టి విచ్చుకోదు, కాకపోతే పచ్చి కొమ్మల్ని అది నలిపేస్తుంది. లావు మొదళ్లకి ఎలాగూ చిన్న రంపమే తీశాను.

లాక్ వదులు, జేబులో పెట్టుకుంటే తెరుచుకుంటోంది, జాగ్రత్త. నట్టు తిప్పితే బ్లేడు ఊడి వస్తుంది కాబట్టి సానపట్టడం, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మాత్రం సులువు.

ఐదుకి మూడున్నర. రెండు కొమ్మలు గీకి చూసినా అటో ఇటో తేలలేదు, వాటిని ముట్టుకోకుండా వదిలేశాను, చిగురేస్తే ఇక్కడే చెప్తా.