వెస్ట్ టెక్సాస్ రాంచ్ నేలకి పాత టోపో మ్యాపా, కొత్తదా? ఏది మేలు?

మార్ఫా ఊరి సైడు వెళ్తున్నాం, ఏ టోపో మ్యాప్ (నేల ఎత్తుపల్లాలు, వాగులు, దారులు చూపించేది) దింపుకోవాలి అని ఒక ఫ్రెండ్ అడిగాడు, ఫోన్‌లో తేలే విషయం కాదని ఇక్కడ రాస్తున్నా. అన్నీ అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్‌వే, అన్నీ ఫ్రీ. 1884 నుంచి 2006 దాకా వచ్చిన పాత షీట్లు స్కాన్ చేసి టోపోవ్యూ సైట్‌లో పెట్టారు.

నా ఓటు మాత్రం 24,000 స్కేల్ పాత షీట్‌కే, అంటే అంగుళానికి 2,000 అడుగులు. ఎందుకంటే అది పశువుల మేత నేల, వాన తక్కువ, అక్కడ నీళ్ళెక్కడున్నాయో తెలిస్తేనే మట్టిదారి అటెందుకు తిరిగిందో, పశువుల దొడ్డి అక్కడే ఎందుకు కట్టారో అర్థమవుతుంది. పాత షీట్‌లో గోధుమరంగు కాంటూర్ల (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతల) మధ్య చిన్న నల్ల గుర్తు, పక్కన సన్నటి అక్షరాల్లో విండ్‌మిల్ అని (నేలలోంచి నీళ్ళు తోడే గాలిమర), ఇంకాస్త అవతల నీలంగా ట్యాంక్ అని ఉంటుంది. ట్యాంక్ అంటే అక్కడ చాలావరకు మట్టికట్ట వేసి వాననీళ్ళు ఆపిన కుంటే, మన ట్యాంక్ బండ్‌లో ఉన్న మాటే కదా, మొదటిసారి చూసినప్పుడు ఎంత సంతోషమేసిందో. వాన పడితేనే పారే వాగుల్ని తెగిన నీలం గీతలతో వేరుగా చూపిస్తారు.

2009 నుంచి వస్తున్న యూఎస్ టోపో కూడా అదే స్కేల్. రోడ్లు, పేర్లు తాజాగా ఉంటాయి, పీడీఎఫ్‌లో ఏరియల్ ఫోటో లేయర్ ఆన్ చేసుకోవచ్చు, డ్రైవింగ్‌కి ఇదే నయం. కానీ డేటాబేస్‌లో ఉన్న వివరాలతో గీసింది కాబట్టి నేను చూసిన షీట్లలో గాలిమరలు, దొడ్లు దాదాపు లేవు. 67 రోడ్డు మీద ప్రెసిడియో వైపు వెళ్తుంటే కంచె అవతల గాలిమర తిరుగుతూ కళ్ళెదుటే ఉంది, కొత్త మ్యాప్‌లో అక్కడ ఖాళీ, నాకు నిజంగా బాధేసింది.

ఇంకా పాతవి 1,25,000 స్కేల్‌వి ఉన్నాయి, అంగుళానికి దాదాపు 2 మైళ్ళు. చరిత్ర మీద ఇష్టముంటే చూడండి, దారి వెతకడానికి పనికిరావు.

పాత షీట్‌లో గాలిమర ఉంది కదా అని తాగేనీళ్ళు దొరుకుతాయనుకోవద్దు, అది ఎప్పుడో పడిపోయి ఉండొచ్చు, మీ నీళ్ళు మీరే మోసుకెళ్ళండి. పైగా అదంతా ఎక్కువగా ప్రైవేట్ భూమి, ఓనర్‌ని అడక్కుండా గేటు దాటొద్దు.

నేనైతే ఫోన్‌లో కొత్తది పెట్టుకుని, పాతది ప్రింట్ తీసి ఒళ్ళో పెట్టుకుంటా. ఒక్కటి మర్చిపోకండి, షీట్ అడుగున 1927 డేటమ్ (చోట్ల కొలతలకి ఆధారంగా పెట్టుకున్న లెక్క) అని ఉంటే జీపీఎస్‌లో కూడా అదే సెట్ చేసుకోవాలి, లేకపోతే పాయింట్ పదుల మీటర్లు పక్కకి పడుతుంది.