ఆఫీసుకి క్యాట్ 6 చాలా, క్యాట్ 6ఏ కావాలా?

క్యాట్ 6, క్యాట్ 6ఏ అంటే ఆఫీసులో కంప్యూటర్లను నెట్‌వర్క్‌కి కలిపే కేబుళ్లలో రెండు రకాలు. బెజవాడలో కొత్తగా ఆఫీసు పెట్టేవాళ్లందరికీ వచ్చే సందేహమే ఇది.

వేగం: క్యాట్ 6 మీద 100 మీటర్ల దాకా సెకనుకు 1 గిగాబిట్ డేటా వేగం నిక్షేపంగా నడుస్తుంది; 10 గిగాబిట్ మాత్రం 55 మీటర్లు దాటదు. క్యాట్ 6ఏ అయితే 10 గిగాబిట్ పూర్తి 100 మీటర్లూ వెళ్తుంది.

ఖర్చు: 6ఏ కేబులే కాదు, గోడకు బిగించే జాక్‌లు, కేబుళ్లన్నీ ఒకచోటికి చేర్చే ప్యాచ్ ప్యానెళ్లు కూడా ఖరీదే.

పని: 6ఏ లావు, బిరుసు. గవర్నర్‌పేట పాత భవనాల్లోని సన్న పైపుల్లో దూర్చడం కష్టం. క్యాట్ 6 తేలిగ్గా వంగుతుంది.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. చవగ్గా వస్తుందని రాగి పూత వేసిన అల్యూమినియం తీగ అంటగడతారు. కెమెరాలకు, వైఫై పెట్టెలకు కరెంటు కూడా ఆ కేబుల్లోనే వెళ్తే అది వేడెక్కుతుంది, మన ఎండలకు మరీను. ఏది కొన్నా అచ్చమైన రాగిదేనని బిల్లు మీద రాయించుకోండి.

అద్దె ఆఫీసు, బిల్లింగు, ట్యాలీ పనులైతే క్యాట్ 6 తీసుకోండి. సొంత భవనం, పెద్ద వీడియో ఫైళ్లు, స్కానింగ్ సెంటర్ అయితే, గోడలు మూయకముందే 6ఏ వేయించండి.