వైజాగ్ మేడ మీద కూరగాయలు: ఏ విత్తనం, ఏ సామాను నిలబడిందో నా రివ్యూ

రోహిణి కార్తె అయిపోవస్తోంది, మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడితే అందరూ విత్తనాల మీద పడతారు. ఇప్పటికే మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఏం కొనాలి ఎక్కడ కొనాలి అని అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. మాది లాసన్స్ బే కాలనీ, బీచ్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఇంటి ముందున్న చెట్లన్నీ కూలిపోయాక మేడ మీద కుండీలు పెట్టడం మొదలెట్టాం, అప్పట్నుంచి ఒక్క ఏడాది కూడా ఆపలేదు. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏటంటే, మన ఊళ్ళో తోట సామాను ఏది కొన్నా ముందు చూడాల్సింది ఇది ఉప్పుగాలికీ తేమకీ ఆగుతుందా అని. ధర, రంగు, స్టార్ రేటింగులు అన్నీ ఆ తర్వాతే. రేటింగులు ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళవాళ్ళు, వాళ్ళకి పనికొచ్చింది మనకి రావాలని లేదు.

ముందు విత్తనాలు. ప్యాకెట్ ముందు వైపు బొమ్మ చూడకండి, వెనక్కి తిప్పండి. లాట్ నంబరు, టెస్ట్ చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుంది, మొలక శాతం ఎంత, ఈ నాలుగూ ఉండాలి. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం టమాటా, వంగకి కనీసం 70 శాతం మొలక ఉండాలి, బెండకి 65, మిరపకి 60. నీలం ట్యాగ్ ఉంటే అది సర్టిఫైడ్ విత్తనం, లేతాకుపచ్చ లేబుల్ అయితే కంపెనీ తన పూచీ మీద అమ్మేది, రెండూ కొనుక్కోవచ్చు కానీ అసలు ఏ లేబులూ ఏ తేదీ లేకుండా ముచ్చటైన కాగితం కవర్లలో ఇరవై రకాలు, ముప్పై రకాలు అని కిట్లు అమ్ముతారు చూశారా, వాటి జోలికి పోవద్దు. నేను తెప్పించిన ఒక కిట్‌లో తోటకూర, ముల్లంగి తప్ప మిగతావేవీ సరిగ్గా మొలవలేదు, తేదీ అడిగితే జవాబు లేదు. ఇంకోటి, గింజలు గులాబీ రంగులో ఉంటే దానికి తైరం లాంటి మందు పట్టించారని అర్థం, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త, చేతులు కడుక్కోండి, మిగిలిపోయినవి పిట్టలకి కూడా వేయకండి.

మంచి విత్తనం తెచ్చినా మన తేమ దాన్ని పాడుచేస్తుంది. ప్యాకెట్ విప్పి వంటింట్లో డబ్బాలో పడేస్తే వానాకాలం దాటేసరికి సగం బలం పోతుంది, ఉల్లి విత్తనం అయితే రెండో ఏడాదికి దాదాపు మొలవదు. మందుల సీసాల్లో, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచిపెట్టుకుని, మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో విత్తనాలతో పాటు వేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తా. నాటే ముందు పది గింజలు తడి గుడ్డలో చుట్టి వంటింటి గట్టు మీద పెట్టి చూస్తా, ఏడు మొలిస్తే వేస్తా, నాలుగే మొలిస్తే ఇంక కుండీ, మట్టి, నెల రోజులు దాని మీద పెట్టను.

బెండకి నేను ఏళ్ళ తరబడి వాడేది అర్క అనామిక, బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పరిశోధన సంస్థ, ఐఐహెచ్ఆర్ వాళ్ళ రకం. ఆకు ఈనెలు పసుపుగా మారి మొక్క మొత్తం పాలిపోయే పల్లాకు తెగులు ఉంది కదా, తెల్లదోమ మోసుకొచ్చేది, దాన్ని ఇది మిగతా రకాల కంటే బాగా తట్టుకుంటుంది. దోమ మరీ ఎక్కువైతే దీనికీ వస్తుంది, అబద్ధం చెప్పను, కానీ అప్పటికి మనం బాగానే కోసుకుని ఉంటాం. పైగా ఇది హైబ్రిడ్ కాదు, రెండు ఆరోగ్యమైన మొక్కల మీద కాయలు ముదరబెట్టి ఎండనిస్తే మళ్ళీ ఏడాదికి విత్తనం మన దగ్గరే ఉంటుంది. ఐఐహెచ్ఆర్ విత్తనాలు ఆన్‌లైన్లోనే తెప్పించుకోవచ్చు, స్టాక్ అయిపోతుంది కాబట్టి సీజన్‌కి ముందే బేగి ఆర్డర్ పెట్టేయండి.

టమాటా దగ్గర కాస్త ఎక్కువ రాయాలి, మన ఊళ్ళో అందరూ ఏడ్చేది దీని గురించే కదా. నిన్న సాయంత్రం దాకా నిగనిగలాడిన మొక్క పొద్దున్నకి తల వాల్చేస్తుంది, ఆకు పసుపు కూడా అవదు, పచ్చగా ఉండగానే వాడిపోతుంది. నీళ్ళు చాల్లేదేమో అని ఇంకో రెండు చెంబులు పోస్తారు, ఏం లాభం ఉండదు. అది బాక్టీరియా ఎండు తెగులు, వేడీ తేమా కలిసిన చోట మట్టిలో బతుకుతుంది. ఖాయం చేసుకోవాలంటే మొదలు దగ్గర కాండం కోసి ఆ ముక్కని గాజు గ్లాసులో తేట నీళ్ళల్లో కోసిన వైపు తగిలేటట్టు పట్టుకోండి, కాసేపట్లో కోత నుంచి పాలలాంటి సన్నటి దారం కిందకి జారుతూ కనపడుతుంది. కనపడిందా, ఇంక మందులేం వెతక్కండి, మొక్కని వేళ్ళతో సహా తీసేసి ఆ బ్యాగు మట్టిలో కొన్నాళ్ళు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఏవీ వేయకుండా గోంగూరో తోటకూరో వేసుకోండి.

దీనికి నాకు పనికొచ్చింది అర్క రక్షక్, ఇది కూడా ఐఐహెచ్ఆర్‌దే. ఆకు ముడత వైరస్, ఈ ఎండు తెగులు, ఆకుమాడు మచ్చ, మూడింటినీ తట్టుకునేటట్టు తయారు చేసిన హైబ్రిడ్. కర్ణాటకలో రైతు పొలంలో మొక్కకి 19 కిలోల దాకా కాసిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది, మేడ మీద బ్యాగులో అంత ఆశ పెట్టుకోవద్దు, కానీ ఇంట్లో పప్పుకీ చారుకీ పచ్చడికీ లోటు లేకుండా కాస్తుంది. కాయ గట్టిగా ఉంటుంది, నాటు టమాటా పులుపు మాత్రం రాదు, ఆ పులుపు కావాలనుకునేవాళ్ళకి ఇది నచ్చదు. విత్తనం ఖరీదు ఎక్కువే, హైబ్రిడ్ కాబట్టి దాని గింజలు దాచుకుని మళ్ళీ వేస్తే అదే గుణం రాదు. ఒక మాట, ఎంత మంచి రకమైనా తొలకరికి టమాటా వేయకండి, ఆగస్టు చివర్లో నారు పోసుకుంటే చలికాలం కాపు బాగుంటుంది. ఇప్పుడు బెండ, బీర, ఆనప, కాకర, గోంగూర, చిక్కుడు వేసుకోండి.

చిక్కుడు అంటే గుర్తొచ్చింది, మా ఎదురింటి పిన్నిగారు మాఘమాసంలో గింజ పెట్టి, ఆకు తప్ప పువ్వు రాలేదని ఎరువులు పోస్తానే ఉన్నారు. మన నాటు తీగ చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది, జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా పూత చలికాలానికే. అందుకని విత్తనం బాగోలేదని షాపు మీద కోప్పడే ముందు ఏ నెలలో పెట్టామో చూసుకోవాలి.

బీరకీ ఆనపకీ విత్తనం పెద్ద సమస్య కాదు, పల్లెటూరి నుంచి తెచ్చిన ఎండు కాయలోవి చక్కగా వస్తాయి. సమస్య పండు ఈగ. పిందె మీద చిన్న చుక్క పడి, వంకర తిరిగి, లోపల పురుగుతో కుళ్ళిపోతుంది. దీనికి ఎర బుట్టలు అమ్ముతారు, అవి నిజంగా పనిచేస్తాయి, కాకపోతే కొనేటప్పుడు ఎర పేరు అడగండి. మామిడి, జామకి వాడేది మిథైల్ యూజినాల్, పాదు కూరలకి కావాల్సింది క్యూ లూర్, రెండూ ఒకేలాంటి డబ్బాల్లో ఉంటాయి, షాపుల్లో ఏది చేతికొస్తే అది ఇచ్చేస్తారు. మామిడి ఎర బీర పందిరికి కడితే బీర మీద వాలే ఈగ దాని వైపు రాదు. ఈ ఎర మగ ఈగల్నే లాగుతుంది కాబట్టి పూత మొదలవగానే కట్టాలి, కుళ్ళిన పిందెలు కింద పడేయకుండా కవర్లో వేసి మూట కట్టేయాలి.

ఆకుకూరలకి విత్తనం కొనడం డబ్బు దండగ. ధనియాలు, మెంతులు వంటింట్లోవే చాలు, ధనియం ఒక్కోదానిలో రెండు గింజలుంటాయి, చపాతీ కర్రతో మెల్లిగా నలిపి రెండుగా చేసి చల్లాలి. పుదీనా, బచ్చలి రైతు బజార్లో కొన్న కట్టలోంచి ముదురు కాడలు రెండు గుచ్చితే చాలు.

మొక్కల సంగతి. హైవే పక్క నర్సరీలకి చాలావరకు కడియం నుంచే లోడు వస్తుంది. తూర్పు గోదావరి దాకా వెళ్ళి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు, ఎక్కువ మొక్కలు కావాలంటేనే అది గిట్టుబాటు. గులాబీలకి వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది, అలాగే కుండీలో పెట్టేస్తే నీళ్ళు లోపలికి దిగవు, బకెట్ నీళ్ళలో నానబెట్టి ఆ ముద్దని కొంచెం వదులు చేసి పెట్టుకోండి. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్ళు తీసేయండి. తెచ్చిన మొక్కని వారం పది రోజులు విడిగా పెట్టి ఆకుల వెనక పిండినల్లి ఉందేమో చూసుకుని అప్పుడు మిగతావాటితో కలపండి.

ఇంక పనిముట్లు, ఉప్పుగాలి పగ తీర్చుకునేది వీటి మీదే. సికేచర్, అదే కొమ్మలు కత్తిరించే కత్తెర సంగతే చూడండి, అందరూ బ్లేడు చూసి కొంటారు, మన దగ్గర ముందు పోయేది బ్లేడు కాదు, రెండు పిడుల మధ్య ఉండే స్ప్రింగు. వర్షాకాలంలో బయట వదిలేస్తే చుట్టల మధ్య ఎర్రటి పొడి పడుతుంది, ఆ తర్వాత నొక్కితే పిడి వెనక్కి రాదు, ఇంకో నెలకి స్ప్రింగే విరిగిపోతుంది. పేరు లేని చవక కత్తెరలు నా దగ్గర ఒక్క సీజన్ కూడా నిలవలేదు. ఇప్పుడు వాడేది ఫాల్కన్‌ది, కొని చాలా ఏళ్ళయింది, నట్టు విప్పి బ్లేడు సాన పట్టించుకోవచ్చు, స్ప్రింగు విడిగా మార్చుకోవచ్చు, కొనేటప్పుడు ఈ రెండూ కుదురుతాయా అని అడగండి చాలు. పని అయ్యాక పొడి గుడ్డతో తుడిచి కొబ్బరినూనె చుక్క వేసి ఇంట్లో పెట్టేస్తా, మేడ మీద అస్సలు వదలను. మట్టి తీసే ట్రోవెల్ అయితే మెడ దగ్గర అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలుది కొనండి, అతుకు ఉన్నవి తడి ఎర్రమట్టిలో గుచ్చి పైకెత్తితే వంగిపోతాయి. కలుపుకీ గుల్ల చెయ్యడానికీ పాతూర్లో కమ్మరి దగ్గర చేయించిన చిన్న ఇనప పార ఉంది నాకు, తుప్పు పడుతుంది, తోమితే పోతుంది, దాని అంచు ఇప్పటికీ అలాగే ఉంది. అయిదు ముక్కల సెట్లు రంగురంగుల పిడులతో అమ్ముతారు, అందులో మూడు మీరు ఎప్పటికీ ముట్టుకోరు.

గ్రో బ్యాగుల్లో మందం జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు) లెక్కలో రాస్తారు, యూవీ ట్రీటెడ్ అని ఉండి 240కి తక్కువ కాకుండా చూసుకోండి. పల్చటివి మా ఎండకి రెండో వేసవికే పొడిపొడిగా రాలిపోయాయి, పట్టుకునే చెవులు ముందు తెగాయి. తడి ఎర్రమట్టి లీటరుకి కిలోన్నర పైనే తూగుతుంది, కాబట్టి పెద్ద బ్యాగులు గోడల మీదకీ బీముల మీదకీ వచ్చేటట్టు అంచుల్లో పెట్టండి, స్లాబు మధ్యలో వద్దు. కోకోపీట్ కలిపితే బరువు తగ్గుతుంది, కానీ కొబ్బరి పీచులోనే ఉప్పు ఉంటుంది, లో ఈసీ, అంటే ఉప్పు తక్కువ అని రాసున్నది తీసుకున్నా సరే రెండు మూడు సార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండి వాడండి. ఇంటి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే దానితో కడిగి లాభం లేదు, కుళాయి నీళ్ళు వాడండి.

పురుగులకి కొట్టే వేపనూనె ఘాటు పీపీఎం లెక్కలో రాస్తారు, 10000 పీపీఎం అయితే లీటరుకి 2, 3 ఎం.ఎల్. చాలు, 1500 అయితే 5, సాయంత్రం పూట కొట్టాలి. చేతి స్ప్రేయర్ రెండు లీటర్లది సరిపోతుంది, కొట్టాక సబ్బు నీళ్ళతో పంపు చేసి కడక్కపోతే నాజిల్ మూసుకుపోతుంది. డ్రిప్ పెట్టుకున్నాం, పైపులు బాగున్నాయి, బ్యాటరీ టైమర్ మాత్రం లోపలి రేకులు చిలుం పట్టి ఆగిపోయింది, ఇంకోటి కొనలేదు, చేత్తోనే తిప్పుకుంటున్నా.

షేడ్ నెట్ 50 శాతం ఎండ ఆపేది చాలు, 75 అయితే కాయ రాదు. తాళ్ళు ఒక్క లాగుకి ఊడొచ్చే ముడులతో కట్టుకోండి, అక్టోబరు నవంబరుల్లో తుఫాను హెచ్చరిక వస్తే మొదట తీయాల్సింది నెట్టే, అది తెరచాపలాగా గాలి పట్టుకుని కింద ఉన్న పైపుల పందిరిని కూడా లేపుకుపోతుంది. నెట్టు తీసి, కుండీలన్నీ పిట్టగోడ వారకి చేర్చి, బీర పాదు తాళ్ళు వదులు చేసి కింద పడుకోబెడితే గాలి పోయాక మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

ఈసారి మా బీర పందిరి మీద విత్తనానికి వదిలిన కాయలు బాగా ఎండాయి, గలగలమంటున్నాయి, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉన్నవాళ్ళు ఎవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్ళండి, మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బా తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు.