మెక్సికోలో పాత పూసల వెంట: ఏ మ్యూజియం, ఏ బస, ఏం కొనకూడదు

సంగారెడ్డి దగ్గర కొండాపూర్ మ్యూజియంలో తవ్వకాల్లో దొరికిన పూసలు చూసినప్పటి నుంచీ మా అక్కకీ నాకూ పూసలంటే ప్రాణం. మెక్సికో వెళ్ళిందీ అందుకే. ఇద్దరికీ అమెరికా వీసా ఉండటంతో మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేకపోయింది. పిరమిడ్ల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను పూసల వరకే రాస్తాను.

ముందు మెక్సికో సిటీ. చపుల్తెపెక్ పార్కులోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియం 1964లో తెరిచారు. సోమవారం సెలవు. ఒక్క పూటలో చూసేద్దామనుకుంటే కుదరదు, రోజంతా పెట్టుకోండి. ఇక్కడి ప్రాచీన నాగరికతలైన ఓల్మెక్, మాయాల హాళ్ళలోని జేడ్ పూసల దగ్గరే మాకు మధ్యాహ్నం అయిపోయింది. జేడ్ అంటే ఉక్కు కత్తితో గీసినా గీత పడని రాయి. లోహపు పనిముట్లే లేని రోజుల్లో బొంగు పుల్లో ఎముకో తిప్పుతూ, తడి ఇసుక పోస్తూ, దానికి బెజ్జం వేశారు. ఒక విరిగిన గొట్టం పూసలో ఆ పని కళ్ళకు కట్టింది. రెండు కొసల నుంచీ తొలుచుకుంటూ వచ్చారు. కొసల్లో వెడల్పుగా ఉన్న బెజ్జం లోపలికి పోయేకొద్దీ సన్నబడింది. మధ్యలో రెండూ కలిసే చోట వెంట్రుకవాసి పక్కకు జరిగి చిన్న గట్టులా మిగిలింది. ఆ రాయి వచ్చింది ఇప్పటి గ్వాటెమాలాలోని మోతాగ్వా లోయ నుంచి.

మాయా నగరం పాలెంకే రాజు పకాల్ క్రీ.శ. 683లో చనిపోయాడు. ఆయన సమాధిని 1952లో పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ తెరిచినప్పుడు జేడ్ ముసుగు, హారాలు, వేలివేలికీ ఉంగరం, నోట్లో ఒక జేడ్ పూస దొరికాయి. ముసుగుతో సహా ఈ మ్యూజియంలోని ఎన్నో వస్తువులు 1985 క్రిస్మస్ వేళ చోరీ అయ్యాయి. 1989లో చాలావరకు దొరికాయి. అది తెలిసి ఆ అద్దాల పెట్టె ముందు నిలబడితే గుండె బరువెక్కుతుంది.

ఊరి నడిబొడ్డున తెంప్లో మయోర్ మ్యూజియం చిన్నదే గానీ వదలొద్దు. స్పానిష్‌వాళ్ళు రాకముందు ఇక్కడ ఏలిన అస్తెక్‌లు తమ గుడి కింద పాతిపెట్టిన నైవేద్యాల్లో ఒక ఓల్మెక్ ముసుగు ఉంది. అది వాళ్ళ కాలానికే రెండు వేల ఏళ్ళకు పైగా పాతది! పాతవాటి మీద మోజు మనతో మొదలైంది కాదు.

బస కోసం మేం ముందు ఊరి పాత నడిబొడ్డు సెంట్రోలో దిగాం. అన్నీ నడక దూరమే, కానీ గది వీధి వైపు పడటంతో రాత్రంతా మైకుల హోరు. లోపలి గది అడిగి తీసుకోండి. రోమా అనే పేట వైపు అద్దె ఎక్కువైనా నిద్ర పడుతుంది. ఊరు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది, మొదటి రోజు మెట్లు తగ్గించుకుంటే మంచిది.

పిరమిడ్లున్న పాత నగరం తియోతివాకాన్‌కి మెక్సికో సిటీ ఉత్తర బస్ టెర్మినల్ నుంచి బస్సులున్నాయి, టూర్ ప్యాకేజీ దండగ. అక్కడి సైట్ మ్యూజియంలో నన్ను కదలనివ్వనివి గవ్వ హారాలు. క్రీ.శ. 200 ప్రాంతంలో రెక్కల సర్పం పిరమిడ్ కట్టినప్పుడు బలి ఇచ్చినవాళ్ళ మెడలో ఇవి ఉన్నాయి. గవ్వను మనిషి పళ్ళలా చెక్కి, దవడ ఆకారంలో గుచ్చారు. కొన్నిటిలో నిజం దవడలే వాడారు.

బయట ఒకతను గుడ్డ మూట విప్పి, పొలంలో దొరికిన అసలు పూసలని బేరం మొదలుపెట్టాడు. వద్దని వచ్చేశాం. మీరూ అంతే చేయండి. నకిలీ అయితే డబ్బు పోతుంది. అసలుదే అయితే ఇంకా ఘోరం, ఎవరి సమాధినో తవ్వి తెచ్చినట్టే. 1972 చట్టం ప్రకారం తవ్వకాల్లో బయటపడేవన్నీ మెక్సికో దేశపు ఆస్తి. కొనకూడదు, దేశం దాటించకూడదు. మన పురావస్తువుల చట్టం కూడా 1972దే. మెడ దగ్గర దొరికిందా, నోట్లో దొరికిందా అన్నది తెలియకపోతే పకాల్ నోట్లోని పూసైనా ఉత్త పచ్చ రాయే. సేకరణ పేరుతో ఆ ఆనవాలు చెరిపేసేవాళ్ళంటే నాకు నిజంగా కోపం.

అన్నిట్లోకీ నాకు నచ్చింది వహాకా నగరం. మెక్సికో సిటీ నుంచి బస్సులో ఏడు గంటలు పడుతుంది. సీట్లు బాగా వాలుతాయి, ఏసీ మాత్రం చలి పుట్టిస్తుంది, శాలువా ఉంచుకోండి. శాంతో దొమింగో చర్చి పక్కనున్న పాత మఠంలో మ్యూజియం. ఊరి దగ్గరి పాత నగరం మోంటె ఆల్బాన్‌లోని 7వ సమాధిలో 1932లో పురావస్తు శాస్త్రవేత్త అల్ఫోన్సో కాసోకి దొరికిన నిధి ఇక్కడే ఉంది. బంగారం చూడటానికి జనం ఎగబడతారు. ముత్యాలు, పగడం, టర్కాయిస్, గవ్వ పూసల దగ్గర ఎవరూ ఉండరు, తీరిగ్గా చూసుకోవచ్చు. మ్యూజియానికి దగ్గర్లో దిగిన చిన్న గెస్ట్‌హౌస్ శుభ్రంగా ఉంది, ఆ యజమానురాలు మర్యాదస్తురాలు.

శాకాహారులకు టెన్షన్ అక్కర్లేదు గానీ బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో అడగాలి, "సిన్ మంతేకా" (కొవ్వు లేకుండా) అంటే చాలు. గుమ్మడి పువ్వు పెట్టి మడిచిన రొట్టె, కేసదియా, తప్పకుండా తినండి.

పూసలు కొనుక్కోవాలనిపిస్తే కొత్తవి కొనండి. కొత్తవని రాసిన బిల్లు తీసుకుని, విమానం ఎక్కేదాకా సంచిలో పైనే పెట్టుకోండి.